దూది పెట్టిన పట్టు తొడుగు

ఇజ్రాయెల్ దేశం పుట్టిన తొలి ఏళ్ళు. కొచ్చికి ఎగువన ఏటి ఒడ్డు ఊళ్ళో, యూదుల వీధిలో ఎల్లుండి తోరా పండగ, అంటే వాళ్ళ వేదగ్రంథానికి చేసే పండగ. ఇవాళ పొద్దు వాలిందంటే నిష్ఠ మొదలు, పండగ అయ్యేదాకా ఇక ఎవరూ సూది ముట్టకూడదు. వీధి చివరింట్లో నెహెమ్యా మందిరం దీపాలు ముందేసుకుని తోముతున్నాడు, పెళ్ళాం రీమా పట్టుగుడ్డ కుడుతోంది. ఇద్దరిదీ పని తక్కువ, గుసగుసలు ఎక్కువ.

“నెమ్మదిగా అనండి. గోడకి అవతల రివ్కా ఉంది.”

“ఉంటే ఉండనీ. నేనేమన్నానిప్పుడు? చింతపండు చాల్లేదన్నాను. అది కూడా రహస్యమేనా?”

“చింతపండు కాదు. అంతకుముందు అన్నారే, రైలు అని.”

“అన్లేదు.”

“అన్నారు. ‘పండగ మర్నాడు రైలు’ అన్నారు. నా చెవుల్తో విన్నాను.”

“రైలన్న ప్రతివాడూ ఇజ్రాయెల్ పోతున్నట్టేనా? ఎర్నాకుళం పోవచ్చు. బొంబాయి పోవచ్చు.”

“మనం పోయేది ఇజ్రాయెల్‌కే కదండీ.”

“అబ్బా! ఇప్పుడు అరుస్తున్నదెవరు? నేనా, నువ్వా?”

“సరే సరే. ఊరుకున్నాను.”

“ఊరుకో. పండగ అయ్యేదాకా ఊరుకుంటే చాలు. ఆ బూడిద ఇటు జరుపు.”

“ఇదిగో. ఏవండీ, ఇటొకసారి చూడండి. ఈ పట్టుకి లోపల దూది పెట్టమన్నాడు మావయ్య. తోరా మీద కప్పే తొడుగుకి దూదేమిటండీ? తోరాకి చలేస్తుందా?”

“మీ మావయ్యకి వయసైంది. చెప్పింది కుట్టు.”

“కింద తాడు కూడా పెట్టమన్నాడు, బిగించి ముడెయ్యడానికి. ఎన్ని పండగలకి కుట్టాను నేను! ఎప్పుడైనా ఇలా కుట్టానా? దిండు గలీబులా ఉంది చూడటానికి.”

“ఎందుకని ఆయన్నే అడగలేకపోయావా?”

“ఎలా అడగను? ఆయన ముఖం చూసి మాట్లాడి ఎన్నాళ్ళయింది? కొలత చెప్తుంటే కూడా నేలచూపులే చూశాను. ‘ఏమ్మా, కాలికేమైనా గుచ్చుకుందా’ అన్నాడు. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషండీ. నా పెళ్ళికి పాట పాడిన మనిషి.”

“ఇప్పుడు ఆ పెళ్ళిపట్టే కదూ నువ్వు కత్తిరించింది?”

“అదే.”

“చేతులెలా ఆడాయే నీకు?”

“ఆడాయి. ఇదైనా ఇచ్చిపోతే గుండె మీద బరువు కాస్త దిగుతుందనిపించింది.”

“అంటే దేవుడికి లంచం.”

“మరి మీరు చేస్తున్నదేమిటో! ఇరవై ఏళ్ళ కాపురంలో ఒక్కనాడు ఒక్క గిన్నె తోమారా? ఇవాళ మందిరం దీపాలన్నీ గంపలో మోసుకొచ్చారు.”

“మురికి పట్టాయి, తెచ్చాను.”

“పట్టింది దీపాలకి కాదులెండి.”

“పొడువు, పొడువు. చేతిలో సూది ఉందిగా.”

“పొద్దున రివ్కా రోకలి తెచ్చిచ్చింది. చెప్పానా?”

“ఏ రోకలి?”

“మన సిప్పోరా పుట్టినప్పుడు తీసుకెళ్ళిన రోకలి. పిల్లకి పదహారొచ్చాయి. అది ఎప్పుడో పోయిందనుకున్నాను నేను. కడిగి, నూనె రాసి మరీ తెచ్చింది. ‘నీ వస్తువు నీ దగ్గరుంటేనే బాగుంటుంది వదినా’ అంది. అని నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు.”

“రోకలికి ఏడవడమేమిటి?”

“పండగ కదా, అమ్మ గుర్తొచ్చిందంది. అది అలా భుజం మీద తల పెట్టి ఏడుస్తుంటే నాకు సిగ్గుతో ప్రాణం పోయిందనుకోండి. అది మనసు విప్పి ఏడుస్తోంది, నేనేమో దొంగలా నిలబడ్డాను.”

“నువ్వేం వాగలేదు కదా?”

“వాగలేదు. నా రుబ్బురోలు తీసుకెళ్ళమన్నాను.”

“రుబ్బురోలా! ఒసేయ్, పండగ పెట్టుకుని ఇంటావిడ రుబ్బురోలు ఇచ్చేస్తానంటే లోకం ఏమనుకుంటుందే? గుడ్డివాడికైనా తెలిసిపోదూ?”

“తెలిస్తే తెలిసిపోనీ అనిపించింది ఆ క్షణాన. అయినా అది తీసుకోలేదుగా. ‘ఇప్పుడు నాకెందుకు వదినా, నేనెక్కడ పెట్టుకోను’ అంది. ఆ రుబ్బురోలు మీద దాని కన్ను ఎన్నాళ్ళనించో! ఎంత మారిపోయిందో పాపం.”

“వాళ్ళింట్లో చోటు లేదేమో. వాళ్ళాయన బెన్యామీన్ ఇల్లంతా విప్పి కొత్త పెంకు వేయిస్తాడట.”

“మీతో అన్నాడా?”

“నిన్న సాయంత్రం. ఎంతసేపూ పెంకుల గోలే. వచ్చే వానాకాలానికి ఇల్లు అద్దంలా ఉంటుందంటాడు. చెప్పీ చెప్పీ నా చెయ్యి పట్టుకున్నాడు. ‘మనం ఎక్కడికి పోతాంరా నెహెమ్యా, ఇక్కడే కదా’ అన్నాడు.”

“మీరేమన్నారు?”

“‘ఆఁ, ఇక్కడే’ అన్నాను.”

“అయ్యో.”

“అయ్యో అనకు. మరేమనమంటావ్? వాడు పెంకులు వేయించుకుని, ఆ అరుగు మీద కూచుని, ఎదురుగా తాళం పడ్డ మందిరం చూస్తూ రోజూ నన్ను తిట్టుకుంటాడు. చిన్నప్పట్నించీ ఒకే పలక మీద దిద్దిన వాళ్ళం. వాడి నోట తిట్లు పడాలి నేను.”

“కంచె అవతలి మెనహేం మాత్రం సంతోషిస్తాడులెండి. మీ ఇద్దరికీ మాటల్లేవుగా.”

“అది కూడా చెడింది.”

“ఏం చెడింది?”

“నిన్న దారిలో ఆపాడు. కొట్టడానికేమో అనుకున్నాను. ‘ఒరే, కంచె మీది కొబ్బరిచెట్టు నీదేరా’ అన్నాడు.”

“ఆ చెట్టా? ఆ చెట్టు కోసమేగా మీ నాన్నా వాళ్ళ నాన్నా తలలు పగలగొట్టుకున్నది!”

“ఆ చెట్టే. ‘కాదులే, నీదే ఉంచుకో’ అన్నాను. ‘వద్దు, నీదే’ అంటాడు. ‘చచ్చినా కాదు, నీదే’ అంటాను. ఇన్నేళ్ళూ నాదంటే నాదని కొట్టుకున్నవాళ్ళం, నడివీధిలో నీదంటే నీదని కొట్టుకున్నాం. చివరికి వాడు కళ్ళు తుడుచుకుంటూ పోయాడు.”

“ఎంత మంచివాళ్ళండీ మనవాళ్ళు! ఇన్నాళ్ళూ తెలీలేదు. వదిలి పోయేటప్పుడే ఇలా మంచివాళ్ళైపోవాలా వీళ్ళంతా?”

“నా కర్మ. నలుగురూ నాలుగు తిడితే హాయిగా రైలెక్కేవాణ్ణి.”

“ష్! రైలు.”

“నువ్వే అన్నావిప్పుడు.”

“మనం తప్పు చేస్తున్నామంటారా?”

“నన్నడుగుతావేం? ప్రయాణానికి పేర్లిచ్చేటప్పుడు ఇద్దరం కలిసే ఇచ్చాంగా.”

“పిల్ల కోసం ఇచ్చాం. దానికి పదహారు. ఊళ్ళో మనవాళ్ళలో పెళ్ళీడు కుర్రాడు ఒక్కడున్నాడా? ఉన్నవాళ్ళంతా దానికి అన్నలూ బాబాయిలూ. ఇక్కడే ఉంటే దాని గతేమిటి?”

“తెలుసు.”

“పైగా రోజుకి మూడుసార్లు యెరూషలేం వైపు తిరిగి ‘తీసుకెళ్ళు స్వామీ, తీసుకెళ్ళు’ అని అడిగింది మీరే. మీ తాత అడిగాడు. వాళ్ళ తాత అడిగాడు. ఇప్పుడా దేవుడు సరే పదమంటే, వెనకాడుతున్నారా?”

“వెనకాడుతున్నాను. అడిగినప్పుడు అందరం అడిగాం. పోయేటప్పుడు నేనొక్కణ్ణే పోతున్నాను.”

“మనతో పాటు బొంబాయిలో చాలామంది ఎక్కుతారుగా.”

“మన ఊరి సంగతి చెప్తున్నాను. పదిమంది మగాళ్ళు లేనిదే మందిరంలో తోరా బయటికి తియ్యకూడదు. తొమ్మిదిమంది ఉంటే ఎవడి ప్రార్థన వాడు గొణుక్కుని ఇంటికి పోవడమే. మన దగ్గర సరిగ్గా సరిపోయినంతమందే ఉన్నాం, రీమా. ఒక్కడు ఎక్కువ లేడు. నేను పోతే అయిపోయింది.”

“లెక్కపెట్టారా ఏమిటి? మనుషుల్ని లెక్కపెట్టకూడదండీ!”

“లెక్కపెట్టలేదు. లెక్కకి బదులు చదివే ఆ పది మాటల కీర్తన వాక్యం మనసులో చదివాను. మాటకొకడు. మీ మావయ్య దగ్గర మొదలెడితే నా దగ్గర ఆగుతుంది. ఆఖరి మాట నాది. దానర్థం తెలుసుగా?”

“‘ఎప్పటికీ’ అని.”

“నాకు పదమూడేళ్ళు నిండి ఆ పదిమందిలో చేరిన నాడు మీ మావయ్య నా నెత్తిన చెయ్యేసి ఆ మాటన్నాడు. ‘ఇకనించి ఎప్పటికీ అంటే నువ్వేరా’ అన్నాడు. ఆ రోజు గర్వంతో అన్నం తినలేదు నేను. ఇప్పుడా మాట తలుచుకుంటే అన్నం దిగట్లేదు.”

“పొద్దున్నే ఆయన కర్ర చప్పుడు వినిపిస్తే నాకూ అలాగే ఉంటోంది. ఇంటింటికీ వచ్చి తలుపు మీద కొట్టి లేపుతాడు కదా ప్రార్థనకి. మనం పోయాక అలవాటుగా మన తలుపు కూడా కొడతాడేమో. లోపల ఎవరూ పలక్కపోతే...”

“ఆపు తల్లీ. ఇక చాలు.”

“ఆయనకి ముందే చెప్పేద్దామండీ. పాదాలు పట్టుకుని చెప్పేద్దాం.”

“చెప్పి? పండగ పాడు చేద్దామా? పైగా నన్ను పెళ్ళికొడుకుని చేశాడాయన.”

“అదెప్పుడు?”

“నిన్న, అందరూ వెళ్ళాక. ‘ఈ ఏడు తోరా పెళ్ళికొడుకువి నువ్వే’ అన్నాడు. ఏడాదంతా చదివిన తోరాకి ఆఖరి పాఠం నేను చదవాలట. చదివి, మళ్ళీ మొదటికి తిప్పి, వచ్చే ఏడు కూడా ఇలాగే అని అందరిచేతా దీవెనలు పొందాలట. వచ్చే ఏడు నేనెక్కడుంటానే?”

“వద్దనలేకపోయారా?”

“తలూపి వచ్చాను. అందుకే ఈ దీపాలు మోసుకొచ్చింది. తోముతుంటే కనీసం తల దించుకుని ఉండొచ్చు.”

“ఏవండీ... ఆగండి. కర్ర చప్పుడు.”

“ఆయనేనా?”

“ఆయనే. మన మెట్లే ఎక్కుతున్నాడు. దేవుడా, కళ్ళు తుడుచుకోండి. ఆ చేత్తో కాదు, బూడిద! రా మావయ్యా, రా. ఆ కాలుతో ఎందుకొచ్చావ్? కబురు పెడితే మేమే వచ్చేవాళ్ళంగా.”

“కబురు పెడితే ఎవరొస్తున్నారమ్మాయ్ ఈ మధ్య? నన్ను చూస్తే చాలు, పక్క సందులోకి తిరిగిపోతున్నారు. ఈ పింహాస్ గాడికి బోదకాలుతో పాటు కుష్ఠు కూడా వచ్చిందేమో అనుకుంటున్నాను. ఏరా నెహెమ్యా, దీపాలు అరిగిపోతాయ్‌రా. మా తాతల నాటివి.”

“అదేం లేదు మావయ్యా. కాస్త చిలుం పట్టుంటేనూ...”

“కళ్ళేమిటి ఎర్రగా ఉన్నాయి?”

“బూడిద పడింది.”

“నీ పెళ్ళానికి కూడా పడ్డట్టుంది. సరే, ఆ తొడుగు ఇటు చూపించమ్మా. ఊఁ. ఊఁ. కుట్టు బాగుంది. మూలల్లో దూది ఇంకాస్త దట్టించు. అడుగున కూడా.”

“పండగ గుడ్డకి దూదెందుకు మావయ్యా?”

“తోరా ఉండే చెక్కపెట్టెకి దెబ్బ తగలకుండా.”

“మందిరం చుట్టూ ఏడుసార్లు తిరగడమేగా! ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?”

“తిరిగేవాళ్ళకి వయసు మీద పడుతోందిగా. కుట్టమన్నాను, కుట్టు. మంచి పట్టు. ఇదెక్కడో చూశాను నేను.”

“నా పెళ్ళిదే.”

“అమ్మాయ్! అది కత్తిరించావా?”

“పెట్టెలో ఉండి ఏం చేస్తుంది మావయ్యా? తోరాకే ఇద్దామని.”

“ఏమిటో ఈ ఏడు మీ అందరి భక్తీ. ఒకడు మందిరం గోడకి తనే ఎక్కి సున్నం కొట్టాడు. ఒకావిడ పది సీసాల కొబ్బరినూనె తెచ్చి పెట్టి, చెప్పకుండా పోయింది. మెనహేం పందిరికి ఆకు కొట్టుకొచ్చాడు, అడక్కుండానే! వాడు అడిగినా చెయ్యడు ఏనాడూ. ఇంత వైభవంగా మన మందిరం ఎప్పుడూ లేదంటే నమ్ము.”

“మావయ్యా, ఒక మాట. ఆ పెళ్ళికొడుకు పీట ఉంది చూడు... అది బెన్యామీన్‌కిస్తే బాగుంటుందేమో.”

“అడిగాను. వద్దన్నాడు.”

“బెన్యామీన్ వద్దన్నాడా? వాడికి ఆ పీటంటే ప్రాణం!”

“నడుం పట్టేసిందట.”

“మరి మెనహేం?”

“గొంతు పోయిందట.”

“నాకూ గొంతు అంత...”

“నీకు కూడానా? ఒరే, ఊళ్ళో గొంతులన్నీ ఒక్కసారే పోయాయేమిట్రా? పొద్దున మెనహేం మేక కోసం అరుస్తుంటే ఏటి అవతలికి వినిపించింది!”

“కాదు మావయ్యా. నేను... నాకా అర్హత లేదు.”

“అర్హత ఎవడికుంది? పీట మీద కూచున్నాక వస్తుంది. నువ్వు చదువుతావు, నీ వెనకాల నిలబడి నేను వింటాను. పదమూడేళ్ళ పిల్లాడప్పుడు నీకు ఆ రాగం నేర్పింది నేను. ఎప్పటికీ అంటే నువ్వేనని చెప్పింది నేను. నువ్వున్నావనే కదరా నా ధైర్యం.”

“అనకు మావయ్యా.”

“ఏమిటనకూడదు?”

“ఆ మాట అనకు.”

“ఏవండీ, చెప్పేయండి. నావల్ల కావట్లేదు, మీరు చెప్పకపోతే నేనే చెప్తాను. మావయ్యా, మేము...”

“ఉండు రీమా. నేను చెప్పాలి. మావయ్యా, నేను పెళ్ళికొడుకుని కాను, దొంగని. పండగ మర్నాడు వెళ్ళిపోతున్నాం. ముగ్గురం. ఎర్నాకుళంలో రైలెక్కి, బొంబాయిలో విమానం. ఎవరికీ చెప్పలేదు. తెల్లారకముందే, ఎవరూ లేవకముందే, దొంగల్లా వెళ్ళిపోదామనుకున్నాం.”

“ఊఁ.”

“ఊఁ అంటావేం? తిట్టు! కర్రెత్తి ఒకటెయ్యి! నువ్వు ఇంటింటి తలుపూ కొట్టి, కాళ్ళు పట్టుకుని, అలిగినవాణ్ణి బతిమాలి నిలబెట్టావు ఈ పదిమందిని. ఎన్ని వందల ఏళ్ళనించో వెలుగుతున్న మందిరం. నా ఒక్కడి వల్ల మూతపడుతుంది. బెన్యామీన్ ముఖం చూడలేకపోతున్నాను. నీ ముఖం చూడలేకపోతున్నాను. పిల్ల పెళ్ళి, పిల్ల పెళ్ళి అని నాకు నేనే చెప్పుకుంటున్నాను గానీ, అదొక్కటే కాదు మావయ్యా. నాకే పోవాలనుంది. యెరూషలేం మట్టి ముట్టుకోవాలనుంది. అదే నా పాపం.”

“అయిందా?”

“అయింది.”

“ముక్కు తుడుచుకో. అమ్మాయ్, వాడికో గుడ్డముక్క ఇయ్యి. పట్టుది కాదు.”

“మావయ్యా, నువ్వేమీ అనవా? నా మీద ఒట్టు, ఏదో ఒకటి అను.”

“ఏమనను? కోరుకుని కోరుకుని ఇన్నాళ్ళకి పోతున్నారు. నువ్వెళ్ళరా నెహెమ్యా. మిగతావాళ్ళం ఉన్నాంగా.”

“మిగతావాళ్ళు తొమ్మిది...”

“లెక్కపెట్టకూడదని నేర్పానా లేదా?”

“నేర్పావు. కానీ పదో మనిషి ఎక్కణ్ణించి వస్తాడు?”

“అది నా తలనొప్పి. పొరుగూళ్ళ వాళ్ళున్నారు. పైన ఆయనున్నాడు. నువ్వు నీ పిల్లని జాగ్రత్తగా తీసుకెళ్ళు.”

“నువ్వూ రా మావయ్యా! పెట్టెలు నేను మోస్తాను, నిన్ను ఈయన మోస్తారు.”

“రానివ్వరమ్మా.”

“ఎవరు?”

“ఇజ్రాయెల్ పంపించేముందు పరీక్షలు చేసే డాక్టర్లు. ఈ కాలు చూడగానే ముఖం తిప్పుకున్నారు. ఈ జబ్బు అక్కడ అంటుకుంటుందని భయమట. రక్తం తీసి చూశారు. ‘పెద్దాయనా, నీకు కుదరదు’ అన్నారు. మూడుసార్లు వెళ్ళాను.”

“మూడుసార్లా? అంటే నువ్వు... నువ్వు కూడా పేరిచ్చావా?”

“మీ అందరికంటే ముందు ఇచ్చాను.”

“నువ్వా! మందిరం తాళాలు మొలలో పెట్టుకుని పడుకునే మనిషివి!”

“ఆ తాళాలు ఎవరి గుమ్మంలో పెట్టి పోవాలో కూడా చూసుకున్నానమ్మా. నీ గుమ్మంలోనే. తెల్లారకముందే, ఎవరూ లేవకముందే పోదామనుకున్నాను. రోజూ పదిమందిని లేపి నిలబెట్టేవాణ్ణి, నేనే ఆ పదిమందిలో ఒకణ్ణి తగ్గించి పోదామనుకున్నాను. ఇప్పుడు చెప్పు, ఎవర్రా దొంగ? కర్ర నీ చేతికియ్యనా?”

“మావయ్యా...”

“నన్ను కాలు ఆపింది. లేకపోతే ఏ ముఖం పెట్టుకుని మిమ్మల్ని ఉండమనేవాణ్ణో నాకే తెలీదు. అందుకే ఎవరినీ ఉండమనలేదు. నువ్వు వచ్చి చెప్తావేమోనని చూశాను. రాలేదు. దీపాలు తోముతానని గంప పట్టుకొచ్చినప్పుడు నాకు అర్థమైంది.”

“తెలిసే పెళ్ళికొడుకుని చేశావా?”

“పీట బరువుకి అయినా నోరు విప్పుతావని. ఇంకా విప్పకపోతే ఏం చెయ్యాలా అని ఈ మెట్లెక్కాను. చెప్పకుండా పోతే అక్కడికెళ్ళాక కూడా నిద్ర పట్టదురా నీకు. ఇప్పుడు విను. అమ్మాయ్, నువ్వూ విను. నువ్వు కుట్టిన తొడుగులో ఉన్న తోరా మీ పెట్టెలో వెళ్తుంది.”

“ఏమిటీ?”

“దూదెందుకనుకున్నావ్? రైల్లో, విమానంలో దెబ్బ తగలకూడదని. తాడు కూడా అందుకే.”

“తోరాని మాతోనా? మందిరంలో ఒకటి తగ్గితే ఊరంతా గోల ఎత్తదూ? బెన్యామీన్ ఊరుకుంటాడా? ఇల్లంతా కొత్త పెంకు వేయించుకుని ఇక్కడే ఉంటానన్నవాడు...”

“రివ్కా కూడా ఒక తొడుగు కుడుతోంది.”

“రివ్కానా? రోకలి తిరిగిచ్చిన రివ్కానా? దూదితోనా?”

“దూదితోనే.”

“ఏవండీ! రుబ్బురోలు ఇస్తానంటే ‘నేనెక్కడ పెట్టుకోను’ అంది!”

“ఉండవే. మావయ్యా, మెనహేం ఇంట్లో?”

“అక్కడ నిన్ననే అయిపోయింది. కుట్టు నీ పెళ్ళాందంత బాగాలేదు.”

“కొబ్బరిచెట్టు... నీదే ఉంచుకో, నీదే ఉంచుకో అని... మొత్తం ఎన్ని తొడుగులు మావయ్యా?”

“మందిరంలో ఎన్ని తోరాలున్నాయో అన్ని.”

“మరి నీకు? ఒక్కటైనా ఉంచుకోవా నువ్వు?”

“పదిమంది లేకుండా తియ్యకూడని దాన్ని ఉంచుకుని ఏం చెయ్యనమ్మా? చీకట్లో కూచోబెట్టనా? పొండి, అక్కడ అందరూ కలిసి చదవండి. ఒకటి మాత్రం చెప్తున్నాను, పండగ అయ్యేదాకా ఒకరితో ఒకరు అనుకోవద్దు. ఎవడికి వాడు తానొక్కడే పాపి అనుకుని ఎంత బాగా చేస్తున్నాడో చూడు, చెడగొట్టకండి.”

“అందరూ నీతో చెప్పారా మావయ్యా? ఒక్కొక్కరూ?”

“ఒకడికి తెలీకుండా ఒకడు వచ్చార్రా. అందరూ నీలాగే ఏడ్చారు, అందరూ ‘నా ఒక్కడి వల్ల మూతపడుతుంది’ అన్నారు. నువ్వే ఆఖరు. నీకు చెప్పిందే అందరికీ చెప్పి పంపించాను: నువ్వెళ్ళరా, మిగతావాళ్ళం ఉన్నాంగా.”